రోహిణి కార్తెలో ఓరియో ట్రఫుల్స్: ఓవెన్ లేదు, పార్టీ డాబా మీద. నిలుస్తాయంటారా?

బెజవాడ అమ్మ:

అందరికీ నమస్తే అండీ. మా పాప పుట్టినరోజు మే నెలాఖర్లో, రోళ్లు పగిలే రోహిణి కార్తె అంటారే, సరిగ్గా అప్పుడు పడుతుంది. కేకు బయట చెప్పేశాం. కానీ వచ్చే పిల్లలకి ఇంట్లో చేసిన చాక్లెట్ ఉండలే పెట్టాలని పంతం పట్టుకు కూర్చుంది. ఏదో వీడియోలో చూసిందట: ఓరియో బిస్కెట్లు పొడి కొట్టి, క్రీమ్ చీజ్ కలిపి, ఉండలు చుట్టి, కరిగిన చాక్లెట్‌లో ముంచి తీయడం. పొయ్యితో పనే లేదమ్మా అంటుంది. మరి చాక్లెట్ ఎవరు కరిగిస్తారే అంటే నువ్వే అంది.

మా ఇంట్లో ఓవెన్ లేదు. మైక్రోవేవ్, మిక్సీ ఉన్నాయి. పిల్లలు ముప్పై మంది దాకా వస్తారు, తలా రెండు ఇద్దామని. పార్టీ సాయంత్రం ఆరింటికి మా అపార్ట్‌మెంట్ డాబా మీద. ఆ టైముకి కూడా సత్యనారాయణపురంలో గోడలు సెగలు కక్కుతూనే ఉంటాయి.

క్రీమ్ చీజ్ చిన్న డబ్బా రేటు చూసి మళ్లీ అరలోనే పెట్టేసి వచ్చాను. దాని బదులు మిల్క్‌మెయిడ్ వేస్తే ఉండ కడుతుందా? వన్‌టౌన్‌లో బేకరీ సామాన్ల కొట్టతను కాంపౌండ్ చాక్లెట్ తీసుకోమంటాడు, మా ఆడపడుచేమో అదంతా డాల్డా, పిల్లలకి పెట్టకు అంటుంది. ఎవరి మాట వినాలి? పైగా మా అత్తయ్యగారు గుడ్డు తగిలిన గిన్నె కూడా ముట్టరు. వీటిలో ఎక్కడైనా గుడ్డు ఉంటుందా? ముందురోజే చేసి పెట్టుకోవచ్చా?

విశాఖ చాక్లెట్ పిన్ని:

అమ్మాయ్, నీ వయసు కూతుళ్లున్నారు నాకు, అందుకే నువ్వు అనేస్తున్నాను, ఏమనుకోకు. సీతమ్మధారలో ఇంట్లోనే చాక్లెట్లు చేసి ఆర్డర్ల మీద ఇస్తుంటాను. మీది ఎండ, మాది ఉక్క. చాక్లెట్‌కి రెండూ పడవు.

క్రీమ్ చీజ్ వదిలేసి మంచి పనే చేశావు. రేటు గురించి కాదు నేననేది. అది చల్లగా ఉన్నంతసేపే బాగుండే సరుకు, ఎండాకాలం డాబా మీదకి ఎక్కించేది కాదు. మిల్క్‌మెయిడ్‌లో నీళ్లు తక్కువ, పంచదార ఎక్కువ, అంత తొందరగా పాడవదు. అమూల్ వాళ్ల మిఠాయి మేట్ అయినా ఒకటే.

అసలు ఓరియో ఉండకి నువ్వనుకున్నంత తడి అక్కర్లేదు. మధ్యలో ఉండే తెల్ల క్రీము అంతా పంచదారా నూనే కదా, సగం పని అదే చేసిపెడుతుంది. కొందరు ఆ క్రీము గీకి పారేసి, ఉత్త బిస్కెట్ పొడిలో డబ్బాడు పాలు గుమ్మరిస్తారు, ఎందుకో నాకర్థం కాదు. 300 గ్రాముల బిస్కెట్లకి నాలుగు పెద్ద చెంచాలు, అంటే 80 గ్రాముల మిల్క్‌మెయిడ్ చాలు. అదీ ఒకేసారి వద్దు. ముందు మూడు చెంచాలు వేసి కలిపి, గుప్పెట్లోకి తీసుకుని సున్నుండ పట్టినట్టు నొక్కి చూడు. నిలిస్తే అక్కడితో ఆపెయ్. రాలిపోతుంటేనే నాలుగోది. చేతికి అంటుకుంటోందంటే ఎక్కువైనట్టు, ఇంకో రెండు బిస్కెట్లు పొడి చేసి కలుపు.

ఉండ 15 గ్రాములు చుడితే 300 గ్రాములకి పాతిక వస్తాయి. నీకు అరవై కావాలి కాబట్టి ముప్పావు కిలో బిస్కెట్లు, 200 గ్రాముల మిల్క్‌మెయిడ్ పెట్టుకో. రెండు మూడు ఎక్కువే వస్తాయి, మధ్యలో వచ్చి నోట్లో వేసుకునేవాళ్లు ఎలాగూ ఉంటారు.

మిక్సీ జారులో తడి ఉండకూడదు. ఆపి ఆపి కొట్టు, కొద్దికొద్దిగా నాలుగు వాయిలు వెయ్యి. ఆపకుండా తిప్పితే జారు వేడెక్కి, క్రీము కరిగి బ్లేడు కింద ముద్దకట్టేస్తుంది. పలుకులు మాత్రం మిగలనివ్వకు, పలుకు ఉన్నచోటే ఉండ చీలుతుంది.

చుట్టినవి పళ్లెంలో పరిచి అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. ఫ్రీజర్‌లో కాదు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. గడ్డకట్టిన ఉండని వెచ్చటి చాక్లెట్‌లో ముంచితే పైపెంకు క్షణంలో బిగుస్తుంది. లోపలిది తర్వాత నెమ్మదిగా వెచ్చబడి ఉబ్బుతుంది. ఇంకేముంది, పెంకు నెర్రెలు విచ్చుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసినా ఐదు పది నిమిషాలు బయట ఉంచాకే ముంచు.

ఇక మీ ఆడపడుచు మాట. డాల్డా అనడం కాస్త మోటుగా ఉంది గానీ, మరీ తప్పేం కాదు. ప్యాకెట్ వెనక ఏమేం వేశారో చదువు. కొవ్వు కోకో బటర్ అయితే అసలు చాక్లెట్, హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అయితే కాంపౌండ్. రుచికి అసలుది అసలుదే, మా ఇంట్లో తినడానికి నేనూ అదే వాడతాను. కానీ దాన్ని ఊరికే కరిగించి ముంచితే కుదరదు. కోకో బటర్ ఆరు రకాలుగా గడ్డకడుతుంది, అందులో ఐదో రకం వస్తేనే ఆ మెరుపు, విరిస్తే టప్పుమనే ఆ గట్టిదనం. అది రావాలంటే డార్క్ చాక్లెట్‌ని 45-50 డిగ్రీల దాకా కరిగించి, 27-28కి దింపి, మళ్లీ 31-32కి తేవాలి. దాన్నే టెంపరింగ్ అంటాం. మే నెల బెజవాడలో, థర్మామీటర్ లేకుండా, 27కి ఎలా దింపుతావు తల్లీ? ఏసీ గదిలో కూర్చుని ఎలాగో దింపావే అనుకో, ఆ ఐదో రకం కరిగేదే 34 డిగ్రీల దగ్గర. మీ డాబా మీద గాలే అంతకంటే వేడిగా ఉంటుంది. అంత కష్టపడి తెచ్చిన మెరుపు ఎవరికి చూపిస్తావు?

అందుకని నేను రుచిని చూసి కాదు, ఎక్కడ తింటారో చూసి చాక్లెట్ ఎంచుతాను. ఈ పార్టీకి కాంపౌండే. కరిగించడం, ముంచడం, అంతే పని. అది కూడా 40 డిగ్రీల్లో మెత్తబడేదే, వజ్రం అనుకోకు. డార్క్ తీసుకో, లోపలున్న తీపి చాలు. అరకిలో బార్ ఒకటి సరిపోతుంది: ఉండకి ఏడు గ్రాములు పట్టినా 420 అవుతుంది, మిగతాది గిన్నెలో లోతు కోసం. చాలదేమోనని ఫ్రిజ్‌లో ఉన్న మంచి చాక్లెట్ ముక్క అందులో కలిపేవు సుమా! ఆ రెండు కొవ్వులకీ పొసగదు. పెంకు మెత్తగా ఉండిపోతుంది, కొన్నాళ్లకి తెల్లటి పొర కూడా తేలుతుంది.

సన్నగా తరిగి, పొడి గాజు గిన్నెలో వేసి, మైక్రోవేవ్‌లో 30 సెకన్ల చొప్పున పెట్టి, ప్రతిసారీ తీసి కలుపు. ఇంకా నాలుగు ముక్కలు కనిపిస్తుండగానే ఆపేస్తే ఆ వేడికే అవీ కరుగుతాయి. నీటిబొట్టు పడకూడదు, తడి చెంచా కూడా పెట్టకూడదు. పడిందా, గిన్నెడు చాక్లెట్టూ పలుకులు పలుకులుగా బిగిసిపోతుంది. ఫోర్కు మీద ఉండ పెట్టి ముంచి, గిన్నె అంచుకి రెండుసార్లు తట్టి, అడుగున కారేది గీసేసి బటర్ పేపర్ మీదకి జార్చు.

ముందురోజేమిటి, మూడు రోజుల ముందే చేసుకో. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టు. మామూలుగా అయితే బయటికి తీశాక అరగంట మూత తియ్యొద్దంటాను, లేకపోతే గాలిలో తేమంతా చల్లటి చాక్లెట్ మీద చెమటలా పట్టి, ఆరాక మచ్చలు తేలతాయి. వైజాగ్‌లో మాకు ఇదే పెద్ద గోల. నీకు ఆ తీరిక ఉండదు, ఆ ఎండలో అరగంట ఉంచడమూ మంచిది కాదు. ఒక థర్మోకోల్ పెట్టెలో డబ్బా పెట్టి, ఐస్ ప్యాక్‌లు తువ్వాల్లో చుట్టి డబ్బా పైన పెట్టు. కింద కాదు, చల్లగాలి కిందికే దిగుతుంది. కేకు కోశాక పెట్టె తెరిచి చేతికి చేతికి ఇచ్చెయ్. పళ్లెంలో గోపురంలా పేర్చి ఫొటోలు తీద్దామనుకున్నావో, అంతే సంగతులు. కాస్త చెమట పట్టినా పిల్లలు చూస్తారా ఏంటి.

గుడ్డు సంగతి: మన దగ్గర అమ్మే ఓరియో మీద పచ్చ చుక్క ఉంటుంది, కాంపౌండ్ ప్యాకెట్ మీద కూడా చూసుకుని కొను. గుడ్డు పడినదానికి మన దేశంలో పచ్చ చుక్క వేయకూడదు. అత్తయ్యగారికి నువ్వు చెప్పడం కంటే ప్యాకెట్ చూపించడం నయం.

బెజవాడ అమ్మ:

పిన్నిగారూ, మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. మా ఆడపడుచుకి మీ జవాబు పంపాను, "మరీ తప్పేం కాదు" అన్న ముక్క ఒక్కటే చదివి సంతోషించింది. ఇంకో చిక్కు వచ్చింది. పాపకి గులాబీ రంగువి కావాలట. ఇంట్లో కేసరిలోకి వాడే రంగు సీసా ఉంది, తెల్ల చాక్లెట్‌లో నాలుగు చుక్కలు వేస్తే సరిపోతుందా?

డాలస్ నాన్న:

పిన్నిగారి లెక్కలన్నీ ఒప్పుకుంటాను గానీ క్రీమ్ చీజ్‌ని మరీ అంత తీసిపారేయకండి. ఇక్కడ వీటిని చేసేదే దాంతో: 36 ఓరియోలు, 226 గ్రాముల క్రీమ్ చీజ్ ఒక కడ్డీ. ఆ చిరుపులుపు ఓరియో తీపిని కోసేస్తుంది. మిల్క్‌మెయిడ్‌తో చేస్తే తీపి మీద తీపి, పెద్దవాళ్లు ఒకటి తిని మంచినీళ్లు అడుగుతారు. చిటికెడు ఉప్పు, అర చెంచా ఇన్‌స్టంట్ కాఫీ పొడి వేసి చూడండి, చాలా తేడా ఉంటుంది. పిల్లల పార్టీ కాబట్టి కాఫీ మానేసినా ఉప్పు మానకండి.

డాబా మాట వరకు మాత్రం ఆవిడ చెప్పిందే రైటు. ఇక్కడి వ్యవసాయ శాఖ వాళ్ల నియమం ఏంటంటే, ఇలా ఫ్రిజ్‌లో ఉండాల్సిన పదార్థాలు బయట రెండు గంటలకి మించి ఉండకూడదు, వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. మే నెలలో మీకు ఆ గంట కూడా ఎక్కువే. టెక్సస్ ఎండలో జులై 4 పార్టీలకి నేనూ క్రీమ్ చీజ్‌వి బయటికి తీయను.

ఇంకోటి. ఇవే వీడియోల పక్కన పచ్చి పిండితో చేసే "కుకీ డో" ట్రఫుల్స్ కూడా కనిపిస్తాయి. గుడ్డు లేదు కదా అని పాప వాటి మీద మనసు పడితే ఒప్పుకోకండి. వండని మైదాలో కూడా జబ్బు చేసే సూక్ష్మజీవులు ఉండొచ్చు. బిస్కెట్ ఒకసారి ఓవెన్‌లో కాలి వచ్చిందే కాబట్టి ఓరియోతో ఆ బెంగ లేదు.

విశాఖ చాక్లెట్ పిన్ని:

ఉప్పు మాట నేను మర్చిపోయాను, బాబు చెప్పింది నిజం. 300 గ్రాములకి చిటికెడు చాలు.

అమ్మాయ్, ఆ కేసరి రంగు సీసా తీసిన చోటే పెట్టెయ్! అది నీళ్లలో కలిపిన రంగు. నాలుగు చుక్కలు కాదు, రెండు చుక్కలకే తెల్ల కాంపౌండ్ బిగిసి కూర్చుంటుంది. నూనెలో కలిసే రంగు దొరుకుతుంది, ఆ వన్‌టౌన్ కొట్టులోనే చాక్లెట్‌లోకి వేసేది కావాలని అడుగు. అరవై ఉండలూ గులాబీ చేయకు, తెల్లదాని అడుగున ఓరియో నలుపు కనబడి మురికిగా ఉంటుంది, రెండోసారి ముంచాల్సొస్తుంది. అన్నీ డార్క్‌లో ముంచి, గులాబీది 100 గ్రాములు మాత్రం కరిగించి, బటర్ పేపర్ పొట్లం కట్టి, కొస కత్తిరించి పైన గీతలు గీయి. ఆ గీతలు పాప చేత గీయించు, ఎంత వంకర పోతే అంత బాగుంటాయి.

కరీంనగర్ చిన్నక్క:

అక్కా, గీ ముంచుడు లొల్లి అంత ఎందుకు? గా ఎండల చాక్లెట్ కరుగుతదా లేదా అని భయపడుకుంట పార్టీ చేసుడేంది? చాక్లెట్ లేకుండనే చెయ్యి. మా అక్క మెల్‌బోర్న్‌ల ఉంటది, గాడ క్రిస్మస్‌కు ఇంటింట్ల రమ్ బాల్స్ అని చేస్తరు. మేరీ బిస్కెట్లు 250 గ్రాములు మెత్తగ పొడి కొట్టు, కోకో పొడి మూడు పెద్ద చెంచాలు, ఎండుకొబ్బరి పొడి ఒక కప్పు, మిల్క్‌మెయిడ్ డబ్బా ఒకటి. ఉండలు చుట్టి మల్ల కొబ్బరి పొడిల దొర్లించుడే. పైన చాక్లెట్ పెంకే లేదు, ఇగ పగిలేదేంది, కరిగేదేంది? పెద్దోళ్లు అండ్ల మూడు చెంచాల రమ్ పోస్తరు, పిల్లలకైతే వద్దు, ఇంత యాలకుల పొడి వెయ్యి సాలు.

పిన్ని చెప్పినట్టు మేరీల క్రీమ్ ఉండది గద, అందుకే పాలు గన్ని వడ్తయి. జర జర పోసుకుంట కలుపు, ఆఖరి రెండు చెంచాలు పట్టకపోతే వదిలెయ్. చిన్నగ చుడితే యాభై దాక అయితయి. కొబ్బరి పొడి ముందుగాల వాసన చూసి కొను, పాతదైతే నూనె వాసనొస్తది, మొత్తం ఖరాబైతది.

బెజవాడ అమ్మ:

చిన్నక్కా, ఇది మా అత్తయ్యగారు విన్న వెంటనే ఒప్పేసుకున్నారు, రమ్ అన్న ముక్క నేను చదవలేదులెండి. కొబ్బరివి ముప్పై, ఓరియోవి ముప్పై చేద్దామని అనుకున్నాం. కొబ్బరివి పళ్లెంలో పెట్టి ఫొటోలు తీసుకుంటాం, ఓరియోవి మాత్రం థర్మోకోల్ పెట్టెలోనే. డాలస్ అన్నగారూ, ఉప్పు రాసుకున్నాను. పిన్నిగారూ, ముప్పైకే ముంచితే అరకిలో బార్‌లో సగం మిగిలిపోతుందేమో, బిస్కెట్ పొడి రాలిన ఆ చాక్లెట్ మళ్లీ పనికొస్తుందా?

విశాఖ చాక్లెట్ పిన్ని:

ముప్పైకైతే మొత్తం కరిగించనే వద్దు, 300 గ్రాములు తరుగు, మిగతా బార్ కరిగించకుండా అలాగే ఉంటుంది. గిన్నెలో లోతు తగ్గాక సన్నటి గిన్నెలోకి మార్చి వంచి ముంచు. చివర్న పొడి రాలి మిగిలినదాన్ని మళ్లీ ముంచడానికి వాడకు, పెంకు గరుగ్గా వస్తుంది. అందులో వేయించి పొట్టు తీసిన వేరుశెనగ గుళ్లు రెండు గుప్పెళ్లు కలిపి, బటర్ పేపర్ మీద చెంచాతో కుప్పలు పెట్టెయ్. ముందే వేయించి చల్లార్చి పెట్టుకో, వేడి గుళ్లు వేస్తే గట్టిపడటానికి చాలాసేపు పడుతుంది.