‘హిందీవాళ్లొచ్చి మన పనులు లాగేసుకున్నారు’: ఈ కోపం ఎక్కడ పుడుతోంది?

ప్రశ్న:
శ్రీకాకుళం జిల్లాలో ఫ్యాక్టరీలున్న పైడిభీమవరం వైపు టీ కొట్ల దగ్గర రెండు మాటలు తరచూ వినబడుతున్నాయి. ఒకటి పైన రాసిందే. రెండోది, ‘రేషన్ బియ్యమిచ్చి జనాన్ని సోమరుల్ని చేశారు’. 1991 తర్వాతి ఆర్థిక విధానాలకీ (మార్కెట్‌కి తలుపులు తెరిచిన సరళీకరణకి) వీటికీ లింకు ఉందా? ఉంటే ఎలాగో లెక్కతో చెప్పండి.

జవాబు 1:
ఉంది. ముందు మస్టర్ (హాజరు పట్టీ) చూడండి. కంపెనీ కాంట్రాక్టరుకి తలకింత అని కడుతుంది, ఆయన మిగులు అందులోంచే రావాలి. ఊరి కుర్రాడు డ్యూటీ అవగానే ఇంటికెళ్తాడు, జీతం ఆగితే పదిమందితో గేటు దగ్గర కూర్చుంటాడు. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చినవాడు షెడ్డులోనే పడుకుంటాడు, అడ్వాన్సు తీరేదాకా కదల్లేడు. రోజుకి 600 అనుకోండి. ఎనిమిది గంటలకైతే గంటకి 75, పన్నెండు చేయిస్తే 50. ఆ 25 మిగిలేది కాంట్రాక్టరుకి, తిట్లు పడేది పక్కన బస్తా మోస్తున్నవాడికి. పైగా 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం 20 మంది కాంట్రాక్టు కార్మికులుంటే చాలు వర్తించేది, 2020 కార్మిక కోడ్ దాన్ని 50 చేసింది.

జవాబు 2:
బియ్యం సంగతి. 1997లో కేంద్రం రేషన్‌ని దారిద్ర్యరేఖకి పైన, కింద అని విడగొట్టింది. అప్పట్నుంచి కళ్లన్నీ పక్కింటి కార్డు మీదే. మనిషికి నెలకి 5 కిలోలంటే రోజుకి 170 గ్రాముల్లోపే. కూలి చేసే ఒంటికి రెండు పూటలకే చాలవు. నూనె, అద్దె, పిల్లల ఫీజు ఎక్కణ్ణుంచి వస్తాయి? దాన్ని చూసుకుని పని మానేసేదెవరు?

జవాబు 3:
మార్కెట్టే అంతా చేసిందంటే ఒప్పుకోను. కూలివాడికి వేరే గ్లాసు పెట్టిన అలవాటు 1991 కంటే చాలా పాతది. ‘ఉచితాలు’ అన్న పేరే కొత్తది. మనోళ్లూ ఎక్కడో ఒకచోట బయటివాళ్లే కదా. 2018లో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలో విడుదలైన 20 మంది మన తీరంవాళ్లే.

ప్రశ్న అడిగినవారు:
మరి గేటు దగ్గర ఏం అడగాలి?

జవాబు 1:
ఇద్దరికీ ఒకే రేటు, గంటల్లెక్కన. ఫ్యాక్టరీలో వారానికి 48 గంటలు దాటితే ఓటీ (ఓవర్‌టైమ్ కూలి) రెట్టింపు. పీఎఫ్‌లో కార్మికుడి వాటా 12 శాతమే; యజమాని 12 శాతం కూడా కూలిలోంచే కోసేయడం మామూలు మోసం, స్లిప్పులో ఆ గడి చూడండి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే కట్టాలి. అర్జీ మీద ఊరివాళ్లవీ ఒడిశావాళ్లవీ సంతకాలు కలిసుండాలి. విడిగా పెడితే ఒకరిని చూపించి ఇంకొకరి రేటు కోస్తారు.