అప్‌డేట్: మా పాపకు ‘ళ’ పలికింది

పోయిన నెల అడిగాను, గుర్తుందా? మా ఆరేళ్ళ పాప ‘కళ్ళు’ అనమంటే ‘కల్లు’ అంటోందని. మేముండేది ఢిల్లీలో. బడిలో వినే హిందీలో ‘ళ’ లేదు, ఇంట్లో మేమిద్దరమే తెలుగు. నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది.

మీలో ఒకరు చెప్పిన చిట్కా పనిచేసింది. ముందు ‘ట’ అనిపించాను. నాలుక కొన వెనక్కి మడిచి అంగిలిని తాకుతుంది కదా, దాన్ని అక్కడే ఉంచి ‘ళ’ అనమన్నాను. అద్దం ముందు నోరు తెరిచి నా నాలుక చూపించాను. మొదటి వారం ‘డ’ లాగే వచ్చేది. తర్వాత ‘నీళ్ళు’, ‘పెళ్ళి’, ‘గోళ్ళు’ పలికాయి. ఒత్తున్న మాటల్లో నాలుక అక్కడ కాసేపు ఆగుతుంది కాబట్టేమో, అవే ముందొచ్చాయి. ‘తాళం’, ‘కళ’ ఇంకా అప్పుడప్పుడూ జారుతున్నాయి. తొందరపెట్టడం లేదు. తప్పు పలికితే నవ్వొద్దని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను, దానివల్లే ఎక్కువ మేలు జరిగిందని నా నమ్మకం.

నిన్న ఫోన్‌లో “అమ్మమ్మా, కళ్ళజోడు పెట్టుకున్నావా?” అంది. అమ్మ రెండోసారి చెప్పించుకుని మరీ విన్నది.