ఖోఖోలో రిజర్వు పిల్లలు మానేయకుండా ఎలా చూసుకోవాలి?

అండర్-14 అమ్మాయిలకు ఖోఖో నేర్పిస్తున్న పీఈటీ సార్లు, మేడమ్‌లు, పాత ప్లేయర్లు దయచేసి సలహా ఇవ్వండి. మాది ప్రభుత్వ హైస్కూలు, మట్టి గ్రౌండు, బడి వదిలాక ముప్పావుగంట ప్రాక్టీసు.

జట్టులో 12 మంది ఉంటే బరిలోకి దిగేది 9 మందే. మిగతా ముగ్గురినీ ప్రతిసారీ బయటే కూర్చోబెడితే మెల్లగా రావడం మానేస్తారు. ఆ వయసులో ఆట మానేసిన పిల్లని మళ్లీ గ్రౌండుకు తేవడం చాలా కష్టం. రన్నర్లు (తప్పించుకుని పరిగెత్తేవాళ్లు) ముగ్గురేసి చొప్పున దిగుతారు కాబట్టి, స్నేహపూర్వక మ్యాచ్‌లలో ఒక్కో బ్యాచ్‌లో ఇద్దరు అనుభవమున్నవాళ్లతో ఒక రిజర్వు అమ్మాయిని కలపాలని ఆలోచన. రిజర్వు అమ్మాయిని మొదటి బ్యాచ్‌లో దింపడం మంచిదా, చివరి బ్యాచ్‌లోనా?

రెండోది ఫౌళ్ల సంగతి. వెనక నుంచి చెయ్యి తగిలి, ‘ఖో’ అని వినబడకముందే కూర్చున్న పిల్ల లేచిపోతోంది. అందరి ముందూ గట్టిగా మందలిస్తే ఇంకో తప్పు మొదలవుతుంది: ఖో అందాక కూడా భయంతో ఒక క్షణం ఆగుతుంది, ఈలోగా రన్నర్ అవతలి వైపుకు వెళ్లిపోతుంది. అందుకే తిట్టడం పరిష్కారం కాదనే నా గట్టి నమ్మకం. నలుగురినే కూర్చోబెట్టి, రన్నర్ లేకుండా, మొదట నడకలో, తర్వాత పరుగులో ఖో ఇప్పిస్తే ఈ అలవాటు పోతుందా? ఇంతకంటే మంచి డ్రిల్ ఉంటే ఎన్ని నిమిషాలు, వారానికి ఎన్నిసార్లు చేయించాలో కూడా చెప్పండి.

పోల్ డైవ్ (స్తంభాన్ని పట్టుకుని ముందుకు దూకి రన్నర్‌ను తాకడం) ఈ వయసులోనే నేర్పవచ్చా? స్తంభం చుట్టూ మట్టి గుల్ల చేసి తడిపినా మోకాళ్లు దోక్కుపోతున్నాయి.