అప్‌డేట్: హాస్టల్ టీ ప్రాజెక్టు ఏమైందంటే

పోయిన నెల అడిగింది గుర్తుందా? మా కావలి హాస్టల్లో రాత్రిళ్లు టీ తాగే వాళ్లకే మార్కులు ఎక్కువ వచ్చాయి, టీ వల్లే జ్ఞాపకశక్తి పెరిగిందని సైకాలజీ ప్రాజెక్టులో రాయొచ్చా అని. వద్దన్నారు మీరంతా. అది సహసంబంధమే (రెండూ కలిసి కనబడటమే) గానీ కారణం కాదు, మేలుకుని చదివే వాళ్లే టీ తాగుతుండొచ్చు గదా అన్నారు. నిజమే, నాకు తట్టనే లేదు.

ఈసారి చీటీలు వేశాను. 24 మందిలో సగానికి మామూలు టీ, సగానికి కెఫీన్ తీసేసిన టీ (ఆ పొడి ఊళ్లో దొరక్క ఆన్‌లైన్‌లో తెప్పించా). ఎవరి గ్లాసులో ఏదుందో తాగిన వాళ్లకీ తెలీదు, పంచిన రూమ్మేట్‌కీ తెలీదు. అరగంటాగి 15 మాటలు చదివి, గుర్తున్నవి రాయమన్నా.

చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ జాబితాలో 'పులుసు' అనే మాట ఉంది చూడండి, దాన్ని ఒక్కరంటే ఒక్కరు మర్చిపోలేదు! భోజనానికి ముందు పెట్టడం నా తప్పే. మేడం ఒకటే నవ్వు. జ్ఞాపకశక్తి మీద పరిశోధించిన జర్మన్ సైకాలజిస్టు ఎబ్బింగ్‌హాస్ 1885 నాటి పుస్తకంలో అర్థంలేని అక్షరాలతో ప్రయోగాలు ఎందుకు చేశాడో ఇప్పుడర్థమైందా అన్నారు. తెలిసిన మాటకు పాత అనుబంధాలు అంటుకునే ఉంటాయి మరి.

కెఫీన్ మెదడులో అడెనోసిన్ (నిద్రమత్తు తెప్పించే రసాయనం) అతుక్కునే గ్రాహకాలకు అడ్డుపడి ఆ మత్తు వదిలిస్తుంది, అంతమాత్రాన జ్ఞాపకం పెరిగినట్టు కాదని రాశా. ఇంత తక్కువమందితో ఏదీ తేలదని కూడా. ప్రాజెక్టు ఓకే అయింది. టీపొడి సగం డబ్బా మిగిలింది, ఎవురూ తాగట్లా.