52 మార్కులు వచ్చినా ఎఫ్ గ్రేడ్: రీవాల్యుయేషనా, సప్లిమెంటరీయా?

నమస్కారం. మా తమ్ముడు హైదరాబాద్ జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలలో బీటెక్ మొదటి సంవత్సరం, ఆర్22 (2022లో వచ్చిన) నిబంధనల కింద చదువుతున్నాడు. నిన్న ఫలితాలు వచ్చాయి. మాట్రిసెస్ అండ్ క్యాలిక్యులస్ అనే గణితం సబ్జెక్టులో ఇంటర్నల్ (కళాశాలలో వేసే మార్కులు) 40కి 33, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష) 60కి 19. మొత్తం 52. బి గ్రేడ్ రావాలి కదా అనుకుంటే, పక్కన ఎఫ్, అంటే ఫెయిల్ అని ఉంది. ఫోనులో ఆ పేజీని నాలుగుసార్లు తెరిచి చూశాడు. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

నేను డిగ్రీ చదివాను, ఈ లెక్కలు నాకు కొత్త. నిబంధనల పుస్తకం చదివాక అర్థమైంది: మొత్తం 40 దాటితే చాలదు, ఎక్స్‌టర్నల్‌లో విడిగా 35 శాతం, అంటే 21 రావాలి. రెండు మార్కులు తక్కువయ్యాయి. పిల్లలకు ఈ సంగతి మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

అనుభవమున్నవారు దయచేసి చెప్పండి. రెండు మార్కుల కోసం రీకౌంటింగ్ (మార్కులు మళ్లీ కూడించడం) సరిపోతుందా, రీవాల్యుయేషన్ (పేపరు మళ్లీ దిద్దించడం) పెట్టడమే మేలా? ఫలితం వచ్చేలోగా సప్లిమెంటరీ ఫీజు గడువు ముగిసిపోతే ఎలా? అందుకే రెండింటికీ కట్టేద్దామనుకుంటున్నాను. సప్లిమెంటరీలో పాసైతే ఆ 33 ఇంటర్నల్ మార్కులు అలాగే కలుస్తాయా? ఇది 4 క్రెడిట్ల సబ్జెక్టు కాబట్టి సీజీపీఏ (మొత్తం కోర్సు సగటు గ్రేడ్) గురించే నా బెంగంతా. తరువాత పాసైనా, ప్రాంగణ నియామకాలప్పుడు ఈ ఎఫ్ గురించి అడుగుతారా?