నాన్న సంతకం లేకపోతే పాపకు పాస్‌పోర్టు రాదా?

బెజవాడ అమ్మ:
మా పాపకు తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా ఇద్దరం మా పుట్టింట్లోనే ఉంటున్నాం. విడాకుల కేసు, కస్టడీ కేసు ఫ్యామిలీ కోర్టులో నడుస్తున్నాయి. సింగపూర్‌లో ఉన్న మా తమ్ముడు వేసవి సెలవులకు రమ్మంటున్నాడు. పాస్‌పోర్టుకు అనెక్షర్-డి (అమ్మానాన్నలిద్దరూ సమ్మతి తెలిపే పత్రం) మీద మా ఆయన సంతకం అడిగితే, "కేసు వెనక్కి తీసుకో, అప్పుడు పెడతా" అన్నారు. సంతకం లేకుండా అప్లై చేయొచ్చా? చేస్తే తప్పవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఒక నాన్న:
అమ్మా, నన్ను శత్రువు అనుకోకండి. మా అబ్బాయిని నెలకు రెండు ఆదివారాలు మాత్రమే చూస్తాను. వాడి పాస్‌పోర్టుకు సంతకం అడిగిన రోజు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తీసుకుపోయిన పిల్లల్ని వెనక్కి రప్పించే 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం లేదు. వాడు విమానం ఎక్కి వెళ్లి తిరిగి రాకపోతే నేనెవరిని అడగాలి? నా చేతిలో మిగిలింది ఆ సంతకం ఒక్కటే.

ప్లీడరు, వరంగల్:
అమ్మా, దారి ఉంది. ఒకరు ఒప్పుకోనప్పుడు రెండోవారు అనెక్షర్-సి అనే డిక్లరేషన్ ఇవ్వొచ్చు. సంతకం ఎందుకు రాలేదో అందులో కారణం రాయాలి. 2016 డిసెంబరులో నిబంధనలు సడలించాక ఫారంలో ఒకరి పేరు రాస్తే చాలు కదా అని కొందరంటారు. అది పేరు సంగతి. సమ్మతి సంగతి వేరు, రెండూ కలపకండి.

మీ కేసు మాత్రం దాచొద్దు. కౌంటర్ దగ్గర పని త్వరగా అవుతుందని దాచినవాళ్లను చూశాను. విషయం దాచి తీసుకున్న పాస్‌పోర్టును పాస్‌పోర్టుల చట్టం సెక్షన్ 10 కింద స్వాధీనం చేసుకోవచ్చు. అబద్ధం చెబితే సెక్షన్ 12 కింద రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. అన్నిటికన్నా, కస్టడీ కేసులో మీ మాట మీద నమ్మకం పోతుంది. అదే ఫ్యామిలీ కోర్టులో పాస్‌పోర్టుకు అనుమతి కోరుతూ పిటిషన్ వేయించండి.

2025 జనవరిలో బాంబే హైకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. పదిహేడేళ్ల అమ్మాయికి జపాన్ స్టడీ టూర్‌కు అవకాశం వచ్చింది, తండ్రి ఒప్పుకోలేదు. పాస్‌పోర్టు ఇవ్వాలనే కోర్టు చెప్పింది. విదేశీ ప్రయాణం రాజ్యాంగంలోని 21వ అధికరణ (వ్యక్తి స్వేచ్ఛ హక్కు) కిందికి వస్తుందని మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. ఆ హక్కు బిడ్డది. అమ్మానాన్నల తగాదాలో దాన్ని పణంగా పెట్టకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

అన్నా, మీ భయం నిజమైనదే. కానీ పాస్‌పోర్టు వచ్చినంత మాత్రాన ప్రయాణం అయిపోదు. తిరుగు టికెట్, వచ్చే తేదీ, హామీ పత్రం, వచ్చాక పాస్‌పోర్టు కోర్టులో జమ చేయడం, ఇవన్నీ షరతులుగా అడగండి. సంతకం ఆపడం కన్నా అవే మిమ్మల్ని కాపాడతాయి. ఈ అమ్మతో భర్త చెప్పిన "కేసు వెనక్కి తీసుకో" అనే మాటలో మాత్రం నాకు భయం కనిపించలేదు, బేరమే కనిపించింది.

ఒక నాన్న:
ఆ మాట తప్పే, ఒప్పుకుంటాను. కానీ తిరిగొచ్చే తేదీ రాసిస్తామని నాతో ఒక్కరైనా అని ఉంటే ఆ రోజే సంతకం పెట్టేవాణ్ని.

బెజవాడ అమ్మ:
నేనూ ఆయనకు తేదీలు చెప్పలేదు అన్నయ్యా, సంతకం మాత్రమే అడిగాను. రానుపోను తేదీలు, తమ్ముడి చిరునామా పెట్టి పిటిషన్ వేయమని రేపే మా ప్లీడరు గారికి చెబుతాను. అక్కడున్నన్నాళ్లూ పాప రోజూ రాత్రి వాళ్ల నాన్నతో వీడియో కాల్‌లో మాట్లాడుతుందని కూడా రాయిస్తాను.