అప్‌డేట్: పానగల్ చెరువు కట్ట మీది చిన్న పిట్ట ఏదో తేలింది

నల్గొండ పానగల్ ఉదయసముద్రం కట్ట పక్కన తుమ్మచెట్టులో, రెక్క మీద గీత లేని వార్బ్లర్ (ఆకుల్లో పురుగులు ఏరుకు తినే చిన్న పిట్ట) ఒకటి కనిపించింది, అదేంటో చెప్పమని అడిగాను కదా. చాలామంది గ్రీనిష్ వార్బ్లరే అన్నారు. నిజమే, చలికాలంలో మన దగ్గర ఏ వేపచెట్టు చూసినా అదే. పైగా ఈకలు అరిగితే దాని రెక్క గీత కూడా మాయమవుతుంది.

అందుకే ఈసారి రెక్క వదిలేసి ముక్కు మీద పడ్డాను. ఒక్కచోట నిలవదు మహాతల్లి! చివరికి కింది కొమ్మకు దిగి, ఆకు అడుగున పురుగు కోసం మెడ పైకి చాచినప్పుడు ఫొటో దొరికింది. గ్రీనిష్‌కి కింది ముక్కు లేత రంగులో ఉంటుంది. దీనికి సన్నగా, పొడవుగా, దాదాపు మొత్తం నల్లగా ఉంది. తోక కూడా పొట్టి. ఫొటోలు చూసిన సీనియర్లు టైట్లర్స్ లీఫ్ వార్బ్లర్ అన్నారు.

కాశ్మీర్ వైపు కొండల్లో గూడు కట్టి, చలికాలానికి పడమటి కనుమలకు, నీలగిరికి పోయే పిట్ట ఇది. మన నల్గొండ దాని దారికి బాగా తూర్పు. పక్షులు చూసేవాళ్లు తాము చూసినవి నమోదు చేసే ఈ-బర్డ్ వెబ్‌సైట్‌లో పెట్టాను, ఇంకా రివ్యూలో ఉంది. చూడ్డానికి వచ్చేవాళ్లు దాన్ని బయటికి రప్పించడానికి స్పీకర్‌లో కూత ప్లే చేయకండి, ప్లీజ్. దాన్ని తిననివ్వండి.